ఒకసారి విప్పిన చక్రానికి ఎన్ని లేబర్లు?

కారు బ్రేక్ తొక్కితే ముందు చక్రాల దగ్గర కీచుమంటోంది. గ్యారేజ్‌లో చూసి ఇచ్చిన ఎస్టిమేట్‌లో పార్టులు రెండే: ముందు ప్యాడ్‌ల సెట్టు ఒకటి, డిస్కుల జత ఒకటి. చక్రంతో పాటు తిరిగేది డిస్కు, దాన్ని ఒరుసుకుని బండిని ఆపేవి ప్యాడ్‌లు. లేబర్ మాత్రం ఐదు వరసలు. ప్యాడ్‌ల మార్పిడి 1.0 గంట, డిస్కుల మార్పిడి 1.2, క్యాలిపర్ (ప్యాడ్‌లని డిస్కు మీద నొక్కే బిగింపు) సర్వీసు 0.6, బ్రేక్ ఆయిల్ బ్లీడింగ్ (పైపుల్లో దూరిన గాలి తీసెయ్యడం) 0.5, వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచెయ్యడం) 0.5. మొత్తం 3.8 గంటలు.

ఈ గంటలు గడియారం చూసి రాసేవి కావు. ఏ మోడల్‌కి ఏ పనికి ఎంతసేపు పడుతుందో కంపెనీలు టైము కట్టి పుస్తకంలో పెడతాయి. 0.1 అంటే 6 నిమిషాలు. చెయ్యి తిరిగిన మెకానిక్ గంట పనిని నలభై నిమిషాల్లో ముగించినా బిల్లులో గంటే పడుతుంది. దాన్ని మోసం అనను, అదే పని కొత్త కుర్రాడి చేతిలో రెండు గంటలు సాగినా గంటకే తీసుకుంటే. తొందరగా అయితే పుస్తకం లెక్క, ఆలస్యమైతే గడియారం లెక్క అంటేనే పేచీ. గంట రేటులో మెకానిక్ కూలి ఒక్కటే ఉండదు. షెడ్డు అద్దె, లిఫ్టు, స్కానర్, పని చెడితే ఉచితంగా మళ్లీ చేసిచ్చే పూచీ, అన్నీ అందులోనే. అందుకే రేటు జోలికి పోకుండా గంటల మీద పడ్డాను. ప్రతి వరసకీ ఒకటే ప్రశ్న: దీనికోసం కొత్తగా ఏం విప్పుతారు?

మొదటి రెండు వరసలు అక్కడే దొరికిపోయాయి. డిస్కు బయటికి రావాలంటే చక్రం తియ్యాలి, క్యాలిపర్ తియ్యాలి, ప్యాడ్‌లు తియ్యాలి. అంటే ప్యాడ్‌ల పని డిస్కుల పనిలో భాగమే. ఆ పైన అదనంగా ఉండేది క్యాలిపర్ బ్రాకెట్ బోల్టులు రెండు, హబ్ (డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం) మీద తుప్పు గీకడం. ఈ గీకడం చిన్నచూపు చూసే పని కాదు. హబ్ ముఖం మీద తుప్పు పొర మిగిలితే కొత్త డిస్కు వంకరగా కూర్చుంటుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పెడల్ కాలి కింద అదురుతుంది, నింద డిస్కు మీద పడుతుంది. డిస్కులు మార్చాల్సిందేనా అన్న అనుమానం మైక్రోమీటర్‌తో తీరింది. కొత్తలో 22 మిల్లీమీటర్లు, డిస్కు మీద పోతపోసిన కనీస మందం 20, కొలిస్తే 19.8. కాబట్టి 1.2 ఉంచి, 1.0 కొట్టేయమన్నాను.

నాకు ఎక్కువ అనుమానం క్యాలిపర్ సర్వీసు మీదే ఉండేది. గాలి కొట్టి, క్లీనర్ చల్లి సర్వీసు అని రాసేవాళ్లున్నారు. కానీ కుడి చక్రం విప్పి చూపించగానే నోరు మూసుకోవాల్సి వచ్చింది. లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లకు అరిగిపోయింది, బయటి ప్యాడ్ 6 దగ్గర నిక్షేపంగా ఉంది. ఎడమ వైపు రెండూ సమానం. పిస్టన్ తోసేది లోపలి ప్యాడ్‌నే. ఆ తోపుకి క్యాలిపర్ వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ని డిస్కు మీదికి లాగాలి. అది జరిగేది స్లైడ్ పిన్నుల మీద. పిన్ను పట్టేస్తే భారమంతా లోపలి ప్యాడ్ ఒక్కటే మోస్తుంది. రబ్బరు బూటు చిరిగి నీళ్లు దిగాయి, గ్రీజు ఎండి గట్టిపడింది, పిన్ను చేత్తో తిప్పితే కదల్లేదు. దాన్ని వదిలేసి కొత్త ప్యాడ్‌లు వేస్తే వాటి గతీ అంతే. పిన్ను ఊడదీసి, సన్న ఎమరీతో రుద్ది, కొత్త బూటు తొడిగి, సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. ఆ 0.6కి బేరమాడలేదు.

బ్లీడింగ్ అక్కర్లేదు. ప్యాడ్‌లు మార్చేటప్పుడు ఆయిల్ పైపు ఎక్కడా విప్పరు, గాలి దూరే దారే లేదు. పిస్టన్‌ని క్లాంపుతో లోపలికి నొక్కితే ఆయిల్ పైనున్న డబ్బాలోకి ఎక్కుతుంది, అంతే. డబ్బా నిండుగా ఉంటే ముందే కాస్త తోడెయ్యాలి, పొంగి బాడీ మీద పడితే పెయింటు ఊడుతుంది. ఆయిల్ పోసి రెండేళ్లు దాటితే మార్చడం మంచిదే, అది గాల్లో తేమని పీలుస్తుంది. కానీ దాన్ని ఆయిల్ మార్పిడి అని విడిగా రాయాలి. నేను మార్చి ఏడాది కూడా కాలేదు. అలైన్‌మెంట్ సంగతి మరీ విడ్డూరం. చక్రాన్ని పట్టి ఉంచే స్టీరింగు, సస్పెన్షన్ భాగాలు, అంటే టై రాడ్ ఎండో, లోయర్ ఆర్మో, స్ట్రట్టో వదులు చేస్తే తప్ప చక్రం కోణం మారదు. బ్రేకుకీ దానికీ సంబంధం లేదు.

మిగిలింది 1.8. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఎడమ డిస్కుని హబ్‌కి పట్టి ఉంచే చిన్న స్క్రూ తుప్పుతో బిగుసుకుంది సార్, తల అరిగిపోయింది, డ్రిల్లు వెయ్యాలి, 0.2 కలుస్తుంది అన్నారు. సరేనన్నాను. పట్టేసిన స్క్రూకి ఏ పుస్తకమూ టైము కట్టదు. ముందు అడిగి చేశారు, అది చాలు.

చిన్నాచితకా పనుల లెక్క వేరు. కారు లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టరు చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది, పానా కూడా అక్కర్లేదు, బాణం గుర్తు గాలి పోయే వైపు ఉండేలా చూసుకుంటే చాలు. దానికి లేబర్ ఇవ్వడం బద్ధకానికి కట్టే పన్ను. హెడ్‌లైట్ బల్బు అలా కాదు. కొన్నింటిలో ఐదు నిమిషాలు, కొన్నింటిలో బంపర్ ఊడదీస్తే గానీ చెయ్యి పట్టదు. ఎంత చిన్న పనికైనా బండిని లోపలికి తీసుకుని కార్డు రాసినందుకు కనీస ఛార్జీ ఒకటి పడుతుంది కాబట్టి నేను మూడు నాలుగు పోగేసి ఒకేసారి ఇస్తాను.

చేత్తో ఏమీ మార్చకుండా వేసే లేబర్ ఒకటుంది, జబ్బు కనిపెట్టడం. చాలామందికి అదే కడుపుమంట. స్కానర్ పి0301 అనే కోడ్ చూపిస్తే ఇంజిన్‌లో ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో ఇంధనం సరిగ్గా మండట్లేదని తెలుస్తుంది, కారణం తెలియదు. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా? ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికి వేసి, కోడ్ చెరిపి మళ్లీ నడిపిస్తే పి0302 వచ్చిందనుకోండి, తప్పు కాయిల్‌దే. పావుగంట పని, కానీ అక్కర్లేని పార్టు కొనే బెడద తప్పించింది. దానికి డబ్బులివ్వడం నాకు న్యాయమే. ఊహ మీద కాయిల్ మార్చి, తగ్గలేదని ఇంజెక్టర్ మార్చి, రెండింటికీ లేబర్ వేస్తే మాత్రం మొదటిదానికి ఇవ్వను.

బండి తీసుకునేటప్పుడు పాత ప్యాడ్‌లు డబ్బాలో పెట్టించుకున్నాను. కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కాను, పిస్టన్ వెనక్కి నొక్కారు కాబట్టి మొదటి తొక్కుడుకి కాలు నేల దాకా పోతుంది. బిల్లు 2.0 గంటలు. వంద కిలోమీటర్లు తిరిగాక వచ్చి చక్రాల నట్ల బిగువు చూపించుకోమన్నారు. దానికి లేబర్ రాయలేదు.