మూడు నెలలు జీతం లేకుండా చేశాను, చూపించుకోవడానికి ఒక్క స్క్రీన్‌షాట్ కూడా మిగల్లేదు

"జీతం ఉండదు, కానీ పోర్ట్‌ఫోలియోకి, అంటే ఉద్యోగాలకి చూపించుకునే పనుల కట్టకి, బాగా పనికొస్తుంది" అన్నారు ఒక వీడియో గేమ్ స్టూడియో వాళ్లు. అప్పటికే నలభై చోట్ల అప్లై చేసి ఉన్నాను, ఎక్కడినుంచీ కబురు లేదు, అందుకే వెంటనే ఒప్పేసుకున్నాను. లెవెల్ డిజైన్‌లో, అంటే ఆటలో ఒక్కో దశని కట్టే పనిలో, మూడు నెలల ఇంటర్న్‌షిప్. పని సంగతులు బయటపెట్టనని ఎన్‌డీఏ పంపితే చదవకుండానే సంతకం పెట్టాను.

పని మాత్రం నిజమైన పనే. ఒక లెవెల్ మొత్తం నాకే ఇచ్చారు. ముందు గ్రేబాక్స్, అంటే రంగులూ బొమ్మలూ ఏమీ లేకుండా ఉత్త బూడిదరంగు దిమ్మెలతో దారి, గోడలు, మెట్లు పేర్చి ఆడి చూడటం. ప్లేటెస్ట్‌లో, అంటే బయటివాళ్లచేత ఆడించి చూసినప్పుడు, ఆరుగురు ఆడితే నలుగురు వంతెన దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారు, అవతల దారి ఉందని వాళ్లకి తట్టనే లేదు. బాణం గుర్తు పెడదామన్నాను. మా టీమ్‌ని నడిపే లీడ్ వద్దన్నారు. "దారి చెప్పకు, కనపడనివ్వు" అంటూ గంటసేపు నా పక్కనే కూర్చున్నారు. చివరికి వంతెన అవతల ఒక దీపం పెట్టి, ఇవతలి గోడ ఎత్తు కొంచెం తగ్గించాం. తర్వాతిసారి అందరూ దాటారు. ఆ గంటలో నేర్చుకున్నంత నేను ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. కానీ ఆ లెవెల్ అమ్మకానికి వెళ్లే ఆటలోది. అమ్ముకునే పని చేయించుకుని, దాన్ని నేర్పించడం అంటే నేను ఒప్పుకోను.

పదో వారంలో లేఆఫ్‌లు మొదలయ్యాయి. అది 2024 జనవరి. ఆ ఒక్క నెలలోనే మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అమ్మే యూనిటీ 1,800 మందిని, ఆటల కంపెనీ రయట్ 530 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. లాక్‌డౌన్ రోజుల్లో జనం విపరీతంగా ఆడారని, అదే ఊపు ఉంటుందనుకుని కంపెనీలు మనుషుల్ని తీసుకున్నాయి, తర్వాత ఆ ఊపు తగ్గింది, వడ్డీలు పెరిగి పెట్టుబడులు ఆగాయి. మా స్టూడియో చిన్నది, వార్తల్లోకి కూడా రాలేదు. పది గంటలకు మీటింగ్, పదకొండుకల్లా మా లీడ్ చాట్ అకౌంట్ ఆగిపోయింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, జీతాల లిస్టులో లేనివాళ్లకి లేఆఫ్ లెటర్ కూడా రాదు. మిగిలిన రెండు వారాలూ ఎవరికి చూపించాలో తెలియకుండానే పని చేశాను. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఇస్తామని ముందు అన్నారు, ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎన్‌డీఏ అప్పుడు చదివాను. ఒక్క బొమ్మ కూడా బయట చూపించకూడదు. పోర్ట్‌ఫోలియో కోసమే కదా ఊరికే చేసింది! హెచ్‌ఆర్‌కి నాలుగు మెయిల్స్ పెడితే, ఆట విడుదలయ్యాక గ్రేబాక్స్ బొమ్మలు మాత్రం చూపించుకోవచ్చని ఒక్క లైన్ జవాబొచ్చింది. ఆట ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. దీపం పెట్టినచోటే ఉంది. క్రెడిట్స్, అంటే ఆట చివర వచ్చే పనిచేసినవాళ్ల పేర్ల జాబితా, చివరిదాకా రెండుసార్లు చూశాను, నా పేరు లేదు, మా లీడ్ పేరూ లేదు.

ఈలోపు జూనియర్ పోస్టులకి ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా అప్లై చేస్తున్నారు, వాళ్లకీ ఇల్లు గడవాలి, వాళ్లని ఏమనగలం. నేను ఐదు వారాలు కూర్చుని సొంతంగా ఒక చిన్న లెవెల్ కట్టాను. ప్లేటెస్ట్ వీడియోలు, ఆడేవాళ్లు ఎక్కడ తడబడ్డారు, నేను ఏం మార్చాను, మార్చాక ఏమైంది, అన్నీ పక్కపక్కనే పెట్టాను. ఇంటర్వ్యూలో అడిగిందంతా దాని గురించే. జీతంతో ఆరు నెలల కాంట్రాక్ట్ ఇచ్చారు.

ఈసారి సంతకానికి ముందు మెయిల్‌లో మూడు ప్రశ్నలు అడిగాను. క్రెడిట్స్‌లో పేరు వేస్తారా, ఆట పూర్తికాకముందే నన్ను తీసేసినా వేస్తారా, ఏయే పని బయట చూపించుకోవచ్చు. రెండో ప్రశ్న మా పాత లీడ్ రాయమన్నది, ఆవిడకి ఇంకా పని దొరకలేదు. మిగతా రెండింటికీ అదే రోజు జవాబొచ్చింది. దానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది, వేస్తామని రాసి పంపాకే సంతకం పెట్టాను.