ఇరిగేషన్ మొగుడితో ఆమ్‌స్టర్‌డామ్

పారిస్, రోమ్, వెనిస్, ప్రాగ్, ఆమ్‌స్టర్‌డామ్. ఈ అయిదు పేర్లూ రాసిన కాగితం సంక్రాంతి నుంచీ మా ఫ్రిజ్ మీద వేలాడింది. ఆ ఏప్రిల్‌లో మా ఆయనకి అరవై నిండాయి. ఆయన పుట్టిన విశ్వావసు నామ సంవత్సరం 2025 ఉగాదికి మళ్లీ వచ్చింది. శాంతి, పీటల మీద కూర్చోవడం, బంధువుల భోజనాలు ఇంటి దగ్గర ఎలాగూ ఉంటాయి. అవి కాక, జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, "నాన్నకి ఒక్క ట్రిప్పు మేం ఇస్తాం. ఊరు మాత్రం నువ్వే ఎంచు అమ్మా" అని నా నెత్తిన పెట్టింది.

ఎంచమనడం తేలికే. అమ్మాయి మనసంతా పారిస్ మీద ఉంది. అల్లుడు రోమ్ అన్నాడు. రోమన్లు కట్టిన నీటి వంతెనలు మామయ్యగారికి నచ్చుతాయని అతని లెక్క. లెక్క మంచిదే కానీ 2025 క్యాథలిక్కులకి జూబిలీ సంవత్సరం. పైగా ఏప్రిల్ 20న ఈస్టర్. తిరుమల సర్వదర్శనం క్యూలోనే చిరాకు పడే మనిషిని తీసుకెళ్లి వాటికన్ క్యూలో నిలబెట్టడం నాకిష్టం లేదు. వెనిస్‌లో అడుగడుక్కీ మెట్ల వంతెనలు, ఈయన మోకాళ్లు చూస్తే అంతంత మాత్రం. ప్రాగ్ ఫొటోల్లో చాలా బాగుంది. అయితే అక్కడ ఆ పాత రాతి వంతెన చూసేశాక మిగతా రెండు రోజులూ ఈయన హోటల్లో టీవీ పెట్టుకుని కూర్చుంటారు.

మా ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఇంజనీరు. ఎక్కడికెళ్లినా ముందు చూసేది నీళ్లు ఎటు పారుతున్నాయనే. పెళ్లికి వెళ్తే వంటశాల వెనక డ్రెయిను వాలు సరిగ్గా ఉందో లేదో చూసి వస్తారు. కొండకి వెళ్లినప్పుడు దర్శనం అయ్యీ అవగానే పాపవినాశనం డ్యామ్ దగ్గరికి లాక్కెళ్లారు. ఇలాంటి మనిషికి ఐఫిల్ టవర్ ఎందుకు? నెదర్లాండ్స్‌లో నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా దిగువన ఉంది, అక్కడి ఆమ్‌స్టర్‌డామ్‌కి తీసుకెళ్తే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు. మిగతా నాలుగు పేర్లూ కొట్టేశాను. అమ్మాయి ఓ రెండు రోజులు మూతి ముడుచుకుంది.

రిటైర్మెంట్ వయసు అరవై రెండుకి పెంచారు కాబట్టి ఆయనింకా సర్వీసులోనే ఉన్నారు. విదేశానికి వెళ్లాలంటే డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ కావాలి, సెలవు కావాలి. వరదల కాలంలో సెలవు మాటే ఎత్తకూడదు. రబీకి ఆఖరి తడులు అందాక, కాలువలు కట్టేసి క్లోజర్ పనులు మొదలయ్యే లోపు చిన్న సందు దొరుకుతుంది. ఆయన పుట్టినరోజు సరిగ్గా ఆ సందులోనే పడింది. షెంజెన్ వీసాకి 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్, హోటల్ బుకింగులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేశాం. ఈ విషయంలో నేను పడ్డ టెన్షన్ అంతా ఎన్‌ఓసీ గురించే, వీసా మామూలుగానే వచ్చింది.

బస విషయంలో ఒక్క మాట. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల ఒడ్డున పాత ఇళ్లని హోటళ్లుగా మార్చారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ మెట్లు దాదాపు నిచ్చెనలే, చాలావాటిలో లిఫ్టు ఉండదు. సామాన్లు పైకి చేర్చడానికి వెనకటివాళ్లు ఇంటి నెత్తిన కొక్కెం పెట్టి తాడుతో లాగేవారట. ఆ కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. దానికి తోడు ఊళ్లో గది అద్దె మీద 12.5 శాతం టూరిస్టు పన్ను. అందుకని హార్లెమ్ అనే పక్క ఊళ్లో దిగాం. అక్కణ్నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో పావుగంట, ఇరవై నిమిషాలు. హార్లెమ్‌ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది గానీ అది ఆయనకి ముందుగా చెప్పలేదు.

స్కిపోల్ ఎయిర్‌పోర్టులో దిగగానే అల్లుడు, "మామయ్యగారూ, మనం ఇప్పుడు సముద్రమట్టానికి 11 అడుగుల కింద ఉన్నాం" అన్నాడు. అంతే, బెల్టు మీద సూట్‌కేసులు తిరుగుతూనే ఉన్నాయి, ఈయన మాత్రం నేల వైపు చూస్తూ నిలబడిపోయారు. ఒకప్పుడు అక్కడ పెద్ద చెరువు ఉండేది. దాని పేరు హార్లెమ్మెర్‌మేర్, సుమారు 180 చదరపు కిలోమీటర్లు. గాలివానలకి అలలు గట్లు కోసేసి, ఏటేటా ఊళ్లని మింగుతూ వచ్చింది. 1836 చివర్లో వచ్చిన రెండు తుఫానులకి నీళ్లు ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ ముఖద్వారాల దాకా, ఇంకోసారి లైడెన్ దాకా వచ్చాయట. దాంతో చెరువునే లేకుండా చేద్దామని తీర్మానించారు. చుట్టూ కాలువ తవ్వి, గట్టు వేసి, మూడు చోట్ల ఆవిరి పంపులు పెట్టి తోడేశారు.

ఆ మూడింటిలో ఒకటి, క్రూకియస్ అనే పంపుహౌస్, హార్లెమ్ పక్కనే మ్యూజియంగా ఉంది. నేను దాచిపెట్టిన కారణం అదే. అన్ని రోజులూ తెరవరు కాబట్టి ముందే చూసుకుని మరీ ఆ రోజు ఖాళీగా ఉంచాం. బస్సు దిగి కాలువగట్టు వెంట నడిస్తే ఎదురుగా కోట బురుజులాంటి గుండ్రటి ఇటుక భవనం కనిపిస్తుంది. దాని గోడల్లోంచి చుట్టూతా ఎనిమిది ఇనప దూలాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆవిరి యంత్రాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దీనికి పేరు. సిలిండరు అడ్డకొలత 144 అంగుళాలు, అంటే నిలువునా ఇద్దరు మనుషులంత. లోపల ఆవిరి పెద్ద బరువుని పైకెత్తుతుంది. అది కిందికి దిగుతుంటే దూలాల అవతలి కొసలు లేచి, అడుగున ఉన్న నీళ్లని తెచ్చి పైకాలువలో పోస్తాయి. మా ఆయన రెండు నిమిషాలు చూసి, "ఇది ఏతామే! ఎనిమిది ఏతాలకి ఒకే మనిషి" అన్నారు. ఇప్పుడు ఆవిరి లేదు, హైడ్రాలిక్స్‌తో మెల్లగా కదిలించి చూపిస్తారు. దూలం వంగుతున్నప్పుడు అరికాళ్ల కింద నేల కాస్త అదిరినట్టుంటుంది. 1933 దాకా ఇది పనిచేసిందట.

అక్కడ గోడ మీద తేదీలు చదువుతూ ఆయన ఒక్కసారి ఆగిపోయారు. చెరువు తోడటం 1849లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టింది 1847లో, పూర్తిచేసింది అదే 1852లో. "చూశావా, ఒకే ఏడాది వీళ్లు నీళ్లు తోడేసుకున్నారు, మనం నీళ్లు నిలబెట్టుకున్నాం" అని నాతో అని, అదే ముక్క ఇంగ్లీషులో అక్కడున్న గైడుకీ చెప్పారు. ఆ పెద్దాయన కూడా పూర్వం నీటి డిపార్ట్‌మెంట్లో చేసి రిటైరైనవాడేనట. ఇక చూడాలి, ఒకరు మీటర్లలో, ఇంకొకరు అడుగుల్లో. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఈయన వేళ్లు మడిచి మరీ చెప్తున్నారు. అమ్మాయీ నేనూ బయట బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర ఖాళీ చేశాం.

ఆమ్‌స్టర్‌డామ్ ఊళ్లో అందరూ చేసేవే మేమూ చేశాం. పడవెక్కాం, సైకిళ్ల నుంచి ప్రాణాలు కాపాడుకున్నాం. (రోడ్డు దాటేటప్పుడు కార్లకి భయపడక్కర్లేదు, సైకిళ్లకి భయపడాలి. ఎర్ర రంగు దారి వాళ్లది, అందులో కాలు పెడితే గంట కొట్టరు, తిడతారు.) ఆమ్‌స్టెల్ నది మీద పాత లాకులు కనబడ్డ చోట ఈయన చెక్క తలుపుల అతుకులు, గొలుసులు పట్టిపట్టి చూశారు. గోదావరి డెల్టాలో పడవల రాకపోకలు ఆగిపోయి, మన లాకులు చాలాచోట్ల తుప్పు పట్టాయని ఆయనకి ఎప్పటి నుంచో ఉన్న బాధ. డామ్ స్క్వేర్‌లోని రాజభవనం 13,659 చెక్క గుంజల మీద నిలబడి ఉంది. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం ఆ చెక్కకి ఏమీ కాదట, భూగర్భజలం తగ్గి గాలి తగిలితేనే పుచ్చిపోతుందట. ఈ ఊళ్లో ఇళ్లు కొన్ని ఒకదాని మీదికి ఒకటి వాలి ఉండటానికి అడుగున ఉన్న ఈ గుంజలూ ఓ కారణమే.

పుట్టినరోజు పొద్దున్న ఆయన్ని సిటీ హాలుకి తీసుకెళ్లాం. సిటీ హాలూ ఒపేరా హౌసూ ఒకే భవనంలో ఉంటాయి, మధ్యలో అందరూ నడిచే దారి. టూరిస్టులు పెద్దగా ఆగరు. అక్కడ మూడు గాజు గొట్టాలు, వాటిలో నీళ్లు. ఒకటి ఐమోయిడెన్ దగ్గర, రెండోది వ్లిసింగెన్ దగ్గర సముద్రం ఆ క్షణాన ఎంత ఎత్తులో ఉందో చూపిస్తాయి. మెట్లు దిగి కిందికెళ్తే ఓ దిమ్మ మీద కంచు బొడిపె ఉంటుంది. నెదర్లాండ్స్ మొత్తానికి సున్నా ఎత్తు అదే. ఎన్.ఎ.పి., అంటే ఆమ్‌స్టర్‌డామ్ సాధారణ నీటిమట్టం అంటారు. యూరప్‌లో చాలా దేశాల లెవెల్స్‌కి మూలం కూడా ఈ ఆమ్‌స్టర్‌డామ్ సున్నాయే. ఉద్యోగమంతా బెంచిమార్కులు వెతుక్కుంటూ తిరిగిన మనిషి కదా, చెయ్యి చాపి దాన్ని తాకి కళ్లకద్దుకున్నారు. పక్కన స్కూలు పిల్లలు నవ్వారు.

మూడో గొట్టం మన తలకి చాలా ఎత్తున ఉంటుంది. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉప్పెన వచ్చినప్పుడు వ్లిసింగెన్ దగ్గర నీళ్లు లేచిన ఎత్తు అది, 4.55 మీటర్లు. ఆ ఉప్పెనకి నెదర్లాండ్స్‌లో 1,836 మంది పోయారు.

మా ఆయనది దివిసీమ. 1977 నవంబరు 19 నాటికి ఏడో తరగతి చదువుతున్నారు. ఆ రోజు సంగతులు నేను మా అత్తగారి నోట విన్నవే తప్ప ఈయన ఎప్పుడూ చెప్పలేదు. ఊళ్లో ఉన్న ఒక్క డాబా ఇంటి పైకి అందరూ ఎక్కారని, వీళ్ల చిన్నత్త అందులో లేదని, తర్వాత కూడా దొరకలేదని ఆవిడ చెప్పేది. అధికారిక లెక్కల్లోనే 10,000 దాకా పోయిన తుఫాను అది. ఆ గొట్టం ముందు ఆయన చాలాసేపు తలెత్తి నిలబడ్డారు. తర్వాత అల్లుడితో, "అవనిగడ్డ బస్టాండు దగ్గర ఇలాంటిదొకటి నిలబెడితే బాగుండును. ఎంత ఎత్తు వచ్చిందో మా ఊరి కుర్రాళ్లకి తెలియదు" అన్నారు. 1953 తర్వాత డచ్చివాళ్లు సముద్రపు పాయల మీద ఎక్కడెక్కడ గేట్లు కట్టుకొచ్చారో, 1997లో రోటర్‌డామ్ దగ్గర ఆఖరి పెద్ద గేట్లు ఎలా పూర్తిచేశారో అక్కడే ఫోన్లో చదివి వినిపించారు. అది చూడ్డానికి టైము చాలలేదు. ఇప్పటికీ నన్ను దెప్పుతారు.

పుట్టినరోజు భోజనానికి అల్లుడు కాలువ ఒడ్డున ఏదో ఖరీదైన రెస్టారెంటు చూశాడు. మెనూలో మాకు పనికొచ్చేవి సలాడూ బంగాళాదుంపలే. దాన్ని కాదని సురినామ్ వాళ్ల రోటీ కొట్టుకి వెళ్లాం. దక్షిణ అమెరికాలోని సురినామ్ 1975 దాకా డచ్చివాళ్ల వలస రాజ్యం. 1873 నుంచి కలకత్తా రేవులో ఎక్కించి అక్కడికి చెరకుతోటల కూలీలుగా తీసుకెళ్లిన మనవాళ్ల మునిమనవలు వేలమంది ఇప్పుడు నెదర్లాండ్స్‌లో ఉన్నారు. పప్పుపొడి కూరిన మెత్తటి రోటీ, బంగాళాదుంప కూర, పొడుగు చిక్కుళ్లు, పక్కన గుడ్డు, ఓ చిన్న గిన్నెలో మిరపకాయ పచ్చడి. ఆ పచ్చడి తిన్నాక గుంటూరు కారం గురించి మా ఆయన మాట్లాడటం తగ్గించారు. కొట్టావిడ ముత్తమ్మమ్మ బీహార్ నుంచి వెళ్లిందట. ఆవిడ భోజ్‌పురి యాస, ఈయన గోదావరి హిందీ, ఇద్దరికీ సగమే అర్థమైంది. పుట్టినరోజని తెలిసి ఇంకో రోటీ ఊరికే వేసింది.

నా కోసం కూడా కొంత చూశాను. మాది బందరు. 1602లో పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ మా ఊళ్లో కోఠీ పెట్టి రంగు అద్దకం బట్టలు ఓడలకెత్తింది. వాళ్ల సమాధులు ఇప్పటికీ బందర్లో ఉన్నాయి. కంపెనీ పాత ఆఫీసు ఇప్పుడు యూనివర్సిటీ చేతిలో ఉంది. వాకిట్లో పిల్లలు శాండ్‌విచ్‌లు తింటున్నారు. ఈ ఎర్ర ఇటుక గదుల్లో కూర్చుని ఎవరో మా వాళ్ల కలంకారీకి ధర కట్టారనుకుంటే కాస్త ఒళ్లు మండింది. కోకెన్‌హాఫ్ తులిప్ తోట అమ్మాయి కోరిక. పూలు బాగున్నాయి, జనం బాగా ఉన్నారు, మధ్యాహ్నానికల్లా వచ్చేశాం.

తిరుగు ప్రయాణంలో ఆయన నన్ను అడిగారు, నీ అరవైకి ఎక్కడికి వెళ్దామని. బట్టల ఊరు కావాలి, పట్టు నేసిన లియోన్ చూపించండి అన్నాను. "లియోనా? అక్కడ రోన్, సోన్ అని రెండు నదులు కలుస్తాయి" అని ఫోన్లో మ్యాపు తెరిచారు.