లినెన్ చొక్కా, సగం తడి

నాలుగేళ్ల కిందట మే నెలలో ఒక పెళ్లికి వెళ్లవలసి వచ్చి, అప్పుడే ఇస్త్రీ చేసిన లేత నీలం లినెన్ చొక్కా వేడి ఆరకముందే తొడుక్కుని విజయవాడలో గుంటూరు బస్సెక్కాను. గంటకు పైగా ప్రయాణం చేసి కల్యాణమండపం మెట్లెక్కేసరికి మోచేతుల దగ్గర, నడుము చుట్టూ, వీపు మీద చొక్కా ఎంత నలిగిపోయిందంటే, మా మేనమామ పలకరింపుగా "ఏరా, పెట్టెలోంచి తీసి అలాగే తొడుక్కొచ్చావా?" అని అడిగాడు. ఆ రోజంతా తప్పు బట్టదే అనుకున్నాను. తప్పు నాదేనని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

లినెన్ అవిసె మొక్క కాండం నుంచి తీసే నార. మనం పొడి కొట్టుకుని అన్నంలో కలుపుకునే అవిసె గింజల మొక్క ఇదే. పూలను కూరగా వండుకునే అవిసె చెట్టుకూ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. గోగునార, జనపనార ఎలాంటివో చేతికి తెలిసినవారికి ఈ బట్ట స్వభావం సులువుగా బోధపడుతుంది. అవిసె నార చాలా గట్టిది గానీ సాగే గుణం దానికి దాదాపు లేదు. తెగేలోపు తన పొడవులో సుమారు 2 నుంచి 3 శాతం మాత్రమే సాగుతుంది; పత్తి నార అంతకు రెట్టింపు సాగుతుంది. ఉన్ని అయితే వంచి వదిలితే తిరిగి లేచి నిలబడుతుంది. వంచితే వంగి, వంగినచోటే ఉండిపోవడం అవిసె నార నైజం.

అయితే ముడత స్థిరపడడానికి వంగడం ఒక్కటే చాలదు, తడి కూడా కావాలి. మొక్కల నారకు మూలపదార్థమైన సెల్యులోజ్ అణువుల గొలుసులను పట్టి ఉంచే బంధాల్లో కొన్ని నీరు తగిలితే విడిపోయి, నీరు ఆరిపోయే క్షణంలో బట్ట ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ బిగుసుకుంటాయి. ఇస్త్రీ పనిచేసేది కూడా సరిగ్గా ఈ సూత్రం మీదనే: తడి, వేడి, ఒత్తిడి, ఆపైన ఆరడం. ఆ రోజు బస్సులో నా ఒళ్లే ఇస్త్రీ పెట్టె అయింది. చొక్కాలో మిగిలిన చెమ్మకు చెమట తోడై, సీటుకు ఆనుకున్న వీపు ఒత్తిడిగా మారి, మే నెల ఎండ వేడినిచ్చి, ముడతలన్నిటినీ శ్రద్ధగా ఇస్త్రీ చేసి పెట్టాయి. అప్పటి నుంచి లినెన్ విషయంలో నేను పట్టించుకునేది ఒక్కటే, బట్ట ఏ ఆకారంలో ఆరుతోంది అన్నది.

ఉతకడం దగ్గరే ఈ జాగ్రత్త మొదలవుతుంది. మెషీన్ డ్రమ్మును సగానికి మించి నింపకూడదు. బట్టలు నీళ్లలో కదలడానికి చోటు లేకపోతే ఒకదాని కింద ఒకటి నలిగి మడతలు అక్కడే పడతాయి. మామూలు నీళ్లు, లేదా 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు చాలు. అన్నిటికంటే ముఖ్యమైనది స్పిన్. మెషీన్ తనంతట తాను నిమిషానికి 1000 చుట్ల దాకా తిప్పి బట్టను డ్రమ్ము గోడకు అదిమి పిండుతుంది కాబట్టి దాన్ని 400కు, కుదరకపోతే 600కు తగ్గిస్తాను. నీళ్లు కారుతున్నా ఫర్వాలేదు, ఆ నీళ్ల బరువే దండెం మీద బట్టను కిందికి లాగి సాపు చేస్తుంది. చేత్తో ఉతికేవారు మెలిపెట్టి పిండకుండా, రెండు అరచేతుల మధ్య నొక్కి వదిలేయడం మంచిది. లినెన్ తడిసినప్పుడు బలహీనపడదు, నిజానికి ఇంకా గట్టిపడుతుంది. పిండవద్దనేది చిరుగుతుందని కాదు, మెలిక ముద్ర పడుతుందని.

మెషీన్ ఆగగానే మూత తీయాలి. అరగంట ఆలస్యమైతే ఆ ముద్దలోనే ముడతలు కుదురుకుంటాయి. చొక్కాను భుజాల దగ్గర పట్టుకుని, ధాన్యపు గోనె దులిపినట్టు రెండుసార్లు ఫట్‌మని విదిలించి, కాలరునూ గుండీల పట్టీనీ వేళ్లతో లాగి సరిచేసి, వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి నీడపట్టున ఆరవేస్తాను. ఈ రెండు నిమిషాల పని ఇస్త్రీలో పది నిమిషాలు మిగులుస్తుంది. బోరు ఉప్పునీళ్లు వాడే ఇళ్లలో బట్ట బిరుసెక్కి మరింత నలుగుతుంది కాబట్టి సబ్బు తక్కువ వేసి ఒకసారి ఎక్కువ జాడించడం అవసరం. మెత్తదనం కోసం అమ్మే ద్రావణాలు నాకు నచ్చలేదు. అవి నార మీద పూతలా నిలిచి, లినెన్‌ను కొనేదే ఎందుకో ఆ చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి.

గంజి సంగతి మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నేత చీరలకు పెట్టినంత చిక్కగా లినెన్‌కు పెడితే అట్టలా నిలబడి, మడత పడినచోట గీత తెల్లగా తేలుతుంది. ఒక గరిటెడు గంజిని వడకట్టి అరబకెట్ నీళ్లలో కలిపితే నీళ్ల రంగు మారీమారనట్టు ఉండాలి, అంతే. ఆ పలుచటి పొర దారాలను పట్టి ఉంచి, కూర్చుని లేచినప్పుడు పడే ముడతల్ని చాలావరకు ఆపుతుంది. గంజి పెట్టిన బట్టను మాత్రం నెలల తరబడి బీరువాలో ఉంచకూడదు, పురుగు పడుతుంది.

ఇక ఇస్త్రీ. పూర్తిగా ఆరిన లినెన్‌ను ఇస్త్రీ చేయడమంత వృథా ప్రయాస ఇంకొకటి లేదు. ఒకసారి ముదురు గోధుమరంగు చొక్కాను బయట ఇస్త్రీకి ఇస్తే, ఎండిన బట్ట మీద నాలుగు చుక్కలు చిలకరించి బలంగా రుద్దడంతో జేబు అంచుల మీద, కాలరు మీద మెరుపు మచ్చలు తేలి తిరిగి వచ్చింది. ఇప్పుడు నేను ముట్టుకుంటే చల్లగా తగులుతూ, చేతికి తడి అంటని దశలోనే చొక్కాను దండెం మీద నుంచి తీస్తాను. అప్పటికి తీరిక లేకపోతే తడి తువ్వాలులో చుట్టి ఒక గంట ఉంచితే చెమ్మ అంతటా సమంగా పాకుతుంది. ఇస్త్రీ పెట్టె మీట మీద పత్తి తరువాత, అన్నిటికంటే చివర లినెన్ గుర్తు ఉంటుంది, ఈ బట్టకు అంత వేడీ కావాలి. ముదురు రంగుల్ని తిరగేసి లోపలివైపు చేయాలి. కాలరు, భుజాలు, చేతులు అయ్యాక చివరికి వెడల్పు భాగాలకు వస్తే ముందు చేసినది మళ్లీ నలగదు.

తరువాతి అడుగునే నేను పెళ్లినాడు తప్పాను. ఇస్త్రీ అయిన బట్టలో ఇంకా కంటికి కనిపించని చెమ్మ ఉంటుంది. దాన్ని హ్యాంగరుకు తగిలించి కనీసం పావుగంట గాలికి వదిలి, పూర్తిగా చల్లబడ్డాకే తొడుక్కోవాలి, లేదా మడతపెట్టాలి.

లినెన్ చీరల గురించి ఒక మాట చెప్పాలి. ఒకే మడత మీద ఏడాది పాటు ఉంచితే అక్కడ నారే విరిగి, ఉతికినా పోని గీత మిగులుతుంది. రెండు నెలలకొకసారి మడత మార్చడమో, బట్టల దుకాణంలో అడిగితే ఇచ్చే అట్టగొట్టానికి చుట్టి పెట్టడమో మేలు. ముడతపడదని చెప్పి అమ్మే లినెన్ కూడా దొరుకుతుంది. రసాయనపు పూతతో సెల్యులోజ్ గొలుసుల్ని కట్టిపడేస్తారు గనుక నార బలం కొంత తగ్గుతుంది. నేను దాని జోలికి పోను.

మొన్న మళ్లీ గుంటూరులో పెళ్లికి వెళ్లాను. బస్సులో వేరే చొక్కా వేసుకుని, లినెన్ చొక్కాను తువ్వాలులో వదులుగా చుట్టి సంచిలో పైన పెట్టుకున్నాను. విడిది గదిలో దాన్ని విదిలించి, తడి అరచేత్తో రెండుసార్లు నిమిరి, ఆరేదాకా కిటికీ ఊచకు తగిలించి, ఆ తరువాతే తొడుక్కున్నాను. మేనమామ ఈసారి చొక్కా వంక చూడలేదు. పప్పుచారులో ఉప్పు ఎక్కువైందని నాతో చాలాసేపు మాట్లాడాడు.