గాల్వెస్టన్ ఓడలో ఏడు రాత్రులు: అక్కా, తమ్ముడూ, పిల్లల క్లబ్బూ

టెక్సాస్‌లోని డాలస్‌లో మొదలైన ఐ-45 హైవే, విహార ఓడలు బయలుదేరే గాల్వెస్టన్ దీవిలోనే ఆగుతుంది. దాదాపు 285 మైళ్ళు. తెల్లారుజామున బయలుదేరి, మధ్యాహ్నం ఓడెక్కి, అదే సాయంత్రం నాలుగేళ్ళవాణ్ణి ఓడలో పిల్లల్ని ఆడించే క్లబ్బులో ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర వదిలితే ఏమవుతుందో జోస్యం అక్కర్లేదు. అందుకని ముందురోజే దీవి చేరి, హోటల్లో పడుకున్నాం. డిసెంబరు సెలవులు, ఏడు రాత్రులు. రెండు రోజులు వట్టి సముద్రం, ఆ తర్వాత రేవులు, హోండురాస్‌లో రోవటాన్, మెక్సికోలో కోస్టా మాయా, కొజుమెల్, తిరుగుదారిలో మళ్ళీ ఒక రోజు సముద్రం. మేమిద్దరం, అమ్మమ్మా తాతయ్యా, ఏడేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ అబ్బాయి.

ఇద్దరు పిల్లలున్నవాళ్ళు టికెట్ కొనేముందు చూడాల్సింది జారుడుబండలు ఎన్నున్నాయని కాదు, క్లబ్బులో వయసు గీత ఎక్కడ గీశారని. ఓడల కంపెనీల్లో రాయల్ కరీబియన్‌లో 3–5 ఏళ్ళవాళ్ళది వేరే గుంపు. కార్నివాల్‌లో 2–5, 6–8, 9–11 అని మూడు గుంపులు. డిస్నీ ఓడల్లో 3 నుంచి 10 ఏళ్ళదాకా ఒకటే క్లబ్బు, అక్కాతమ్ముళ్ళు కలిసే ఆడుకోవచ్చు. కాకపోతే టికెట్ ధర ఎక్కువ, పైగా గాల్వెస్టన్‌కి ఆ ఓడలు ఏడాది పొడుగునా రావు. డైపర్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. రాయల్ కరీబియన్, డిస్నీ క్లబ్బుల్లోకి మూడేళ్ళు నిండి, డైపర్ మానేసినవాళ్ళనే రానిస్తారు, పుల్-అప్ (ప్యాంటులా తొడిగే డైపర్) కూడా కుదరదు. కార్నివాల్‌లో రెండేళ్ళవాళ్ళని డైపర్‌తోనే తీసుకుంటారు. మేమెక్కిన ఓడ క్లబ్బులో మా పిల్లలిద్దరికీ చెరో గది పడింది. నేను రాసేదంతా అలా విడిపోయే పిల్లల గురించి.

బయలుదేరడానికి నెల ముందే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. మన ఇళ్ళలో పిల్లలు బాత్రూమ్ లోంచి "అయిపోయిందీ" అని కేకేసి, ఎవరో ఒకరు వెళ్ళి కడిగేదాకా కదలరు. క్లబ్బువాళ్ళు కడగరు, తుడవరు, అసలు లోపలికే రారు. మీకు కబురు పెడతారు. మీరు కింద అయిదో డెక్‌లో (ఓడ అంతస్తులో) భోజనానికి కూర్చుని ఉంటే, లిఫ్టు దొరికి పద్నాలుగో డెక్‌కి ఎక్కేసరికి పావుగంట, అంతసేపూ పిల్లాడు అక్కడే. అందుకే నాలుగు వారాలపాటు ఇంట్లో కాగితంతో తుడుచుకోవడం నేర్పాం. మూడు చదరాలు చింపాలి, ఉండ చుట్టకుండా మడవాలి, ముందు నుంచి వెనక్కి తుడవాలి, కాగితం శుభ్రంగా కనిపించేదాకా మళ్ళీ కొత్తది తీసుకోవాలి. క్యాబిన్‌కి వచ్చాక ఎలాగూ కడుగుతాం, చిన్న ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పెట్టుకున్నాం. ప్యాంట్లన్నీ నడుముకి ఎలాస్టిక్ ఉన్నవే. బొత్తాం తీయలేక తడుపుకున్న పిల్లాడు మర్నాడు ఆ గుమ్మం తొక్కనంటాడు.

ఓడలో టాయిలెట్ విమానంలోలాగా గాలితో లాగుతుంది. మీట నొక్కగానే పెద్ద చప్పుడు. దానికి జడిసి పిల్లలు ఆపుకుంటారు, గంట తర్వాత ఆటలో పడి తడుపుకుంటారు. క్యాబిన్‌లో అడుగుపెట్టిన మొదటి గంటలోనే మూత దించి, రెండడుగులు వెనక్కి నిలబెట్టి, వాడి చేతే పదిసార్లు నొక్కించాం. పదకొండోసారి వాడే పరిగెత్తాడు.

మావాడు పగలంతా అమ్మమ్మ దగ్గరే ఉంటాడు, ఇంకా బడికి పోలేదు, వచ్చిందంతా తెలుగే. "ఉచ్చ", "మంచినీళ్ళు", "అక్క", "నొప్పి", ఈ నాలుగు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి, కాగితం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఇచ్చాం. దాన్ని వాడి ఫారానికి పిన్ను చేశారు. పేరు దగ్గర పాస్‌పోర్టులో ఉన్న బారెడు పేరుతో పాటు ఇంట్లో పిలిచే పేరు కూడా రాయించాలి. పూర్తి పేరు వాళ్ళ నోట్లో పడి వచ్చేసరికి పిల్లాడికి అది తన పేరే అని తెలియదు, పలకడు.

రిజిస్ట్రేషన్ ఓడెక్కిన మధ్యాహ్నమే. క్లబ్బు తలుపులు బార్లా తీసి తల్లిదండ్రుల్ని కూడా లోపలికి రానిచ్చేది ఆ ఒక్కపూటే, వదులుకోకూడదు. ఫారంలో అలర్జీలు, మందులు, పిల్లల్ని తీసుకెళ్ళడానికి అనుమతి ఉన్నవాళ్ళ పేర్లు, ఒక పాస్‌వర్డ్ అడుగుతారు. అమ్మమ్మ ఇంటిపేరు వేరు, తాతయ్య పాస్‌పోర్టులో పేరు ముందుది వెనక. ఓడ కార్డు మీద ఎలా ఉందో అలాగే ఎక్కించాలి. పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేనిది కావాలని మేము "ముద్దపప్పు" పెట్టాం. దాన్ని నేను రాయించిన స్పెల్లింగ్ వేరు, రెండోరోజు తాతయ్య చెప్పిన స్పెల్లింగ్ వేరు. పిల్లల్ని తీసుకెళ్తామని వచ్చిన పెద్దాయన్ని పది నిమిషాలు నిలబెట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు. తర్వాత అంకెలకి మార్చుకున్నాం. ఓడలో ప్రమాదపు అలారం మోగితే పిల్లల కోసం మనం క్లబ్బుకి రావాలా, వాళ్ళే తీసుకొస్తారా అన్నది కూడా అప్పుడే అడిగి పెట్టుకోవాలి.

మొదటి సాయంత్రం ఏడింటికి ఇద్దర్నీ వదిలేసి భోజనానికి పోదామని అందరికీ ఉంటుంది, క్లబ్బు ముందు ఆ లైను చూస్తే తెలుస్తుంది. పగటి నిద్ర లేక, సరిగ్గా తినక ఉన్న పిల్లలు, పాతికమంది కొత్త పిల్లల గోల. మా ముందు వదిలివెళ్ళిన తల్లిదండ్రుల్లో ముగ్గురు అరగంటలో వెనక్కి రావడం చూశాం. మేము ఆ రాత్రి బొమ్మలు చూపించి తీసుకొచ్చేశాం.

అసలు పని రెండోరోజు పొద్దున మొదలైంది. సముద్రం రోజుల్లో మా ఓడలో క్లబ్బు 9 నుంచి 12, 2 నుంచి 5, రాత్రి 7 నుంచి 10 దాకా. పది దాటితే గంటకింతని డబ్బు కట్టాలి. తొమ్మిదికి తలుపు తీయగానే వెళ్ళాలి. అప్పటికి లోపల అయిదారుగురే ఉంటారు, సిబ్బంది చేతులు ఖాళీగా ఉంటాయి. పదిన్నరకి వెళితే ఆట నడుమ దూరాలి, ఎవరితో కూర్చోవాలో పిల్లాడికి తెలియదు. మొదటిపూట అరగంట, రెండోపూట గంట, మూడోపూట నుంచి పూర్తి సమయం. ఆ మొదటి అరగంటకి మేనేజర్ని అడిగితే అక్కని తమ్ముడి గదిలోకి రానిచ్చారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళ గదికి రావచ్చు గానీ చిన్నవాళ్ళు పెద్ద పిల్లల గదికి పోవడానికి లేదన్నారు.

అక్కని వాడుకోవడం ఆ ఒక్క అరగంటకే పరిమితం. అలవాటు చేస్తే రెండు తంటాలు. వాడు ప్రతి మాటా అక్కతోనే చెప్పిస్తాడు, టీచర్ వైపు తలెత్తడు, ఆమె వెళ్ళిపోయిన క్షణం అంతకు రెట్టింపు ఏడుస్తాడు. ఇటు ఏడేళ్ళదానికి తన గదిలో ఆటలు పోతాయి. "తమ్ముణ్ణి చూసుకో" అని మనం అలవాటుగా అనేస్తాం. ఆ మాట విన్న పిల్ల తన గదిలో ఉండి కూడా తలుపు దగ్గరికి పోయి చెవి పెడుతుంది. నేను తిప్పి చెప్పాను: వాణ్ణి చూసుకోవడం టీచర్ పని, నీ పని ఆడుకోవడం. రెండోపూట నుంచి తమ్ముణ్ణి ముందు నేను దింపాను, పావుగంట తర్వాత వాళ్ళ నాన్న అక్కని దింపాడు. ఒకే గుమ్మం దగ్గర ఇద్దర్నీ విడదీస్తే ఇద్దరూ ఏడుస్తారు.

చెప్పకుండా జారుకోవద్దు. గంట అని చెప్పినా వాళ్ళకి అర్థం కాదు. "కాగితం కిరీటం చేశాక, పాట అయ్యాక వస్తా" అని, ఓడ యాప్‌లో ఆ పూట కార్యక్రమం చూసి చెప్పాలి, ఆ పాట ముగిసేలోపే గుమ్మంలో ఉండాలి. వదిలాక గుండ్రటి కిటికీలోంచి తొంగిచూడటం అందరికన్నా తాతయ్యల జబ్బు. మావాడు ఏడుపాపి, నేలమీద కూర్చున్న టీచర్ ఊదుతున్న బుడగని వేలితో పొడవబోతున్నాడు. కిటికీలో తెల్ల మీసం కనబడింది. మళ్ళీ మొదటికొచ్చింది. మూడోపూట నుంచి తాతయ్యని వేడినీళ్ళ తొట్టి వైపు పంపించాం. ఎంతసేపు ఏడిస్తే కబురు పెడతారని ముందే అడిగాం. పావుగంట అన్నారు. ఆ కబురు ఓడ యాప్‌లో వస్తుంది కాబట్టి ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, ఓడ వైఫైలో ఉండాలి.

క్లబ్బు గది చల్లగా ఉంటుంది, స్వెట్టర్ తప్పదు. పేరు రాసిన మేజోళ్ళు రెండు జతలు, ఒక జత మార్చుకునే బట్టలు సంచిలో పెట్టాలి. అమ్మమ్మ పాత చీర ముక్క పట్టుకుంటే గానీ నిద్రపోని పిల్లాడికి ఆ ముక్కని రెండుగా కత్తిరించి ఒకటే పంపాం, రెండోది క్యాబిన్‌లో. తినేవేవీ లోపలికి పంపకూడదు, వేరే పిల్లలకి వేరుశనగ అలర్జీలుంటాయి. తినిపిస్తే తప్ప తినని పిల్లల్ని భోజనం వేళకి తీసుకొచ్చేయడమే మంచిది. పెరుగన్నం, పప్పు కావాలని డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కి మొదటి రాత్రే చెబితే మర్నాటి నుంచి మాకు దొరికింది. క్లబ్బులోంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించాలి. గోడకి పెట్టిన శానిటైజర్ నోరోవైరస్ మీద పెద్దగా పనిచేయదు. వాంతి, విరేచనం ఉన్న పిల్లల్ని లోపలికి రానివ్వరు. డిసెంబరులో ఉత్తరపు గాలి లేస్తే మెక్సికో గల్ఫ్ సముద్రం మొదటి రోజే ఊపుతుంది, ఊపుకి వచ్చిన వాంతికీ రోగానికీ తేడా వాళ్ళు చెప్పలేరు. కాబట్టి నాలుగేళ్ళవాడికి ఏ మందు ఎంత వేయాలో పిల్లల డాక్టర్ని ఊళ్ళోనే అడిగి రాయించుకున్నాం.

రేవు రోజుల్లో గడియారం చూసుకోవాలి. కోస్టా మాయా, కొజుమెల్ ఉన్న కింటానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా అమెరికా తూర్పు తీరపు శీతాకాలం టైమే పాటిస్తుంది. అంటే చలికాలంలో టెక్సాస్ కన్నా గంట ముందు. మా ఓడ తన టైము మార్చలేదు. ఒడ్డున ఫోను మాత్రం దానంతటదే గంట ముందుకి జరిగింది. క్లబ్బు నడిచేది ఓడ టైముతో, అందుకని పిల్లల్ని వదిలి దిగేవాళ్ళకి మామూలు చేతిగడియారమే మేలు. మేము ఇద్దర్నీ వదిలి దిగింది కొజుమెల్‌లో ఒక్కసారే, మూడు గంటలపాటు. అమ్మమ్మ ఓడలోనే ఉంది. అప్పుడు కూడా తమ్ముణ్ణే ముందు తీసుకుని, వాడి చెయ్యి పట్టుకుని అక్క గదికి వెళ్ళాం. ఆమె ఆట ఎన్నింటికి ముగుస్తుందో బల్ల దగ్గర అడిగి, అయ్యేదాకా ఆగాం.

ఆఖరి రాత్రి సూట్‌కేసులు క్యాబిన్ బయట పెట్టేసే ముందు మర్నాటికి పిల్లల బట్టలు ఒక జత తీసి ఉంచుకోవాలి. చేసిన బొమ్మలు తెచ్చుకోవడానికి తొమ్మిదింటికే వెళ్ళాం, పదికి అక్కడ కాలు పెట్టలేరు. మూడు కాగితం కిరీటాలు, ఎండని రంగుతో ఒక తాబేలు, చీర ముక్క. రెండోది క్యాబిన్‌లో దిండు గలీబులో దొరికింది.