బుక్‌మార్కుల్లో 240, చేతిలో ఆరేడు

మొన్న బ్రౌజర్ సర్దుతుంటే "టూల్స్" అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ ఒకటి బయటపడింది. అందులో 240 లింకులు. రంగులు కలిపేవి, గ్రేడియెంట్లు చేసిపెట్టేవి, నీడలు గీసేవి, జేసన్ సర్దిపెట్టేవి, రెగెక్స్ పరీక్షించేవి, ఇలా "వెబ్ డెవలపర్లు తప్పక వాడాల్సిన 50 టూల్స్" లాంటి హెడ్డింగ్ కనపడినప్పుడల్లా చదవకుండానే దాచుకున్నవి. వాటిలో చాలా సైట్లు ఇప్పుడు తెరుచుకోవట్లేదు కూడా. మొత్తం డిలీట్ కొట్టి రెండు వారాలైంది, ఇంతవరకు ఒక్కటి కూడా గుర్తొచ్చి వెతుక్కోలేదు. అందుకే ఇక్కడ రోజూ నిజంగా చేతికి తగిలేవే రాస్తున్నా, అందులోనూ నాకు ఆలస్యంగా తెలిసి "ఇన్నాళ్లూ ఇది తెలీకుండా ఎలా నెట్టుకొచ్చానురా బాబూ" అనిపించినవి.

మొదటిది అసలు టూలే కాదు. ఒకసారి ఒక బటన్ పక్కన ఖాళీ తగ్గించడానికి దాదాపు రెండు గంటలు కుస్తీ పట్టా. మార్జిన్ మార్చా, ప్యాడింగ్ మార్చా, చివరికి సిగ్గు విడిచి ఇంపార్టెంట్ (మిగతా స్టైల్ రూల్స్‌ని తోసిపుచ్చే గుర్తు) కూడా తగిలించా, ఇంచు కూడా కదల్లేదు. తీరా చూస్తే నేను మారుస్తున్న ఫైల్ ఒకటి, బ్రౌజర్ తెచ్చుకుంటున్నది వారం కిందటి బిల్డ్‌లో మిగిలిపోయిన ఇంకోటి. అప్పటినుంచి కొత్త ప్రాజెక్టులో ఎక్కడ చెయ్యి పెట్టినా ముందు బాడీ బ్యాక్‌గ్రౌండ్ ఎర్రగా మార్చి చూస్తా. పేజీ ఎర్రబడిందా, సరైన ఫైల్లోనే ఉన్నా. ఎర్రబడలేదా, ఇక సీఎస్ఎస్‌ని (పేజీ రూపురేఖలు రాసే భాష) తిట్టి లాభం లేదు, గొడవ క్యాష్‌లోనో (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ) బిల్డ్‌లోనో ఉంది. పది సెకన్ల పని.

క్యాష్ మాటొచ్చింది కాబట్టి, డెవ్‌టూల్స్ (బ్రౌజర్లోనే ఉండే డెవలపర్ల పనిముట్లు) నెట్‌వర్క్ ట్యాబ్‌లో "డిసేబుల్ క్యాష్" అని ఒక టిక్కు ఉంటుంది, అది ఎప్పుడూ పెట్టి ఉంచుకోండి. డెవ్‌టూల్స్ తెరిచి ఉన్నంతసేపే అది పనిచేస్తుంది, మూసేస్తే మళ్లీ మామూలే. ఇది తెలీక "టిక్కు పెట్టాను కదా, ఇంకా పాతదే వస్తోందేంటి" అని జుట్టు పీక్కున్నవాళ్లని చూశా.

దీనికి పెద్దన్న లాంటిది 301 రీడైరెక్ట్, అంటే ఒక అడ్రస్‌కి వచ్చినవాళ్లని ఇంకో అడ్రస్‌కి పంపే ఏర్పాటు. 301 అంటే "శాశ్వతంగా మారిపోయింది" అని అర్థం, బ్రౌజర్ ఆ మాటని నిజంగానే నమ్మేస్తుంది. నేను ఒకసారి హోమ్ పేజీని పొరపాటున లాగిన్ పేజీకి 301తో పంపేసి, ఐదు నిమిషాల్లో సర్వర్లో సరిచేసేశా. నా బ్రౌజర్ మాత్రం సర్వర్‌ని అడగనైనా అడక్కుండా నేరుగా లాగిన్‌కే తీసుకెళ్తోంది. నాదంటే క్యాష్ క్లియర్ చేసుకున్నా, ఆ ఐదు నిమిషాల్లో సైట్‌కి వచ్చిపోయినవాళ్ల ఇళ్లకెళ్లి క్లియర్ చేయలేం కదా. ఇప్పుడు ఏ రీడైరెక్ట్ అయినా ముందు 302తో ("తాత్కాలికం" అని చెప్పేది) పెట్టి కొన్నాళ్లు చూసి, అంతా సవ్యంగా ఉందంటేనే 301 చేస్తా.

నెట్‌వర్క్ ట్యాబ్‌లోకి వెళ్లి చాలామంది స్టేటస్ కోడ్ చూసి వచ్చేస్తారు. పక్కనే ఇనీషియేటర్ అనే కాలమ్ ఉంటుంది చూడండి, ఆ రిక్వెస్ట్ ఏ ఫైల్లో ఏ లైన్ నుంచి బయల్దేరిందో అది చెప్తుంది. ఒక ఫారమ్ నింపితే డేటాబేస్‌లో రెండేసి ఎంట్రీలు పడుతుంటే, తప్పు సర్వర్‌దే అని బ్యాకెండ్ చూసే ఫ్రెండ్‌తో అరగంట వాదించా. వాడు విసిగిపోయి "ఇనీషియేటర్ చూడరా ముందు" అన్నాడు. చూస్తే రెండూ నా జావాస్క్రిప్ట్‌వే, ఒకటి బటన్ క్లిక్‌కి పెట్టింది, ఇంకోటి ఫారమ్ సబ్మిట్‌కి పెట్టింది. "సారీ రా" అని మెసేజ్ పెట్టి ఆ రోజుకి లాప్‌టాప్ మూసేశా.

అదే ట్యాబ్‌లో ఏ రిక్వెస్ట్ మీదైనా రైట్ క్లిక్ చేస్తే "కాపీ యాజ్ కర్ల్" వస్తుంది. కర్ల్ అంటే టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే ప్రోగ్రామ్. హెడర్లు, కుకీలు, బాడీ అన్నీ కలిపి ఒక కమాండ్‌గా చేతికిస్తుంది, టెర్మినల్లో పడేస్తే బ్రౌజర్ పంపిన రిక్వెస్టే మళ్లీ వెళ్తుంది. పేజీ రీలోడ్ చేసి, లాగిన్ అయ్యి, మూడు క్లిక్కులు కొట్టి బగ్ దాకా వెళ్లే బాధ తప్పుతుంది. కర్ల్ ఆ పేరుతో 1998 నుంచీ ఉంది, డేనియల్ స్టెన్‌బర్గ్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టి ఇప్పటికీ చూసుకుంటున్నాడు. ఒక్క జాగ్రత్త, ఆ కాపీలో మీ లాగిన్ కుకీ కూడా ఉంటుంది. "ఈ ఎర్రర్ వస్తోంది, ఎవరైనా చూడండి" అని అలాగే గ్రూప్‌లో పేస్ట్ చేస్తే మీ అకౌంట్ తాళం చెవి పంచిపెట్టినట్టే.

కర్ల్‌లో పనిచేసి బ్రౌజర్లో ఫెయిలయ్యేది ఒకటుంది, సీఓఆర్ఎస్, అందరూ కోర్స్ అంటారు, ఒక సైట్ ఇంకో సైట్ డేటా చదవడం మీద ఉండే నిబంధన. దాదాపు ప్రతి కొత్త డెవలపర్ దగ్గరా విన్న మాట: "పోస్ట్‌మన్‌లో వస్తోంది, నా పేజీలో రావట్లేదు." (పోస్ట్‌మన్ అంటే రిక్వెస్టులు పంపి పరీక్షించే యాప్.) రాదు మరి. ఆ కాపలా కాసేది బ్రౌజర్. ఒక సైట్‌లోని స్క్రిప్ట్ ఇంకో సైట్ నుంచి వచ్చిన జవాబు చదవాలంటే, ఆ రెండో సైట్ సర్వర్ "వీళ్లకి ఇవ్వొచ్చు" అని జవాబు హెడర్లో చెప్పాలి. కర్ల్‌కీ పోస్ట్‌మన్‌కీ ఆ పట్టింపు లేదు. కాబట్టి ఫ్రంటెండ్ కోడ్‌లో రిక్వెస్ట్‌కి "యాక్సెస్ కంట్రోల్ అలౌ ఆరిజిన్" తగిలించడం దండగ, పైగా అలా అదనపు హెడర్ పెడితే బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ రిక్వెస్ట్ ఒకటి పంపి అనుమతి అడుగుతుంది, ఉన్న చిక్కుకి ఇంకో చిక్కు. సరిచేయాల్సింది సర్వర్ వైపే, లేదా డెవలప్‌మెంట్‌లో ఉన్నంతకాలం ఒక ప్రాక్సీ (మధ్యలో ఉండి రిక్వెస్టులు అందించే సర్వర్) పెట్టుకోవాలి.

ఇక కన్సోల్, డెవ్‌టూల్స్‌లో కోడ్ సందేశాలు కనపడే, కమాండ్లు కొట్టే చోటు. 2006లో జో హెవిట్ ఫైర్‌బగ్ (ఫైర్‌ఫాక్స్‌లో బగ్గులు వెతికే ఎక్స్‌టెన్షన్) తీసుకురాకముందు చాలామంది అలర్ట్ బాక్సులు పెట్టుకుని, ఓకే నొక్కుకుంటూ బగ్గులు వెతికేవాళ్లు. 2017లో ఫైర్‌బగ్ ఆగిపోయేనాటికి దాని ఆలోచనలన్నీ బ్రౌజర్లలోనే కలిసిపోయాయి. అంత సదుపాయం ఉండి కూడా మనం చేసేది కన్సోల్ లాగ్ ఒక్కటే. సరే, తప్పేం లేదు, నేనూ అంతే. కానీ అందులో ఒక గుంట ఉంది. ఖాళీ అర్రేని (విలువల జాబితాని) లాగ్ చేసి, ఆ తర్వాతి లైన్లో అందులోకి మూడు ఐటెమ్‌లు నెట్టి, ఆ తర్వాత కన్సోల్ తెరిచి ఆ బాణం గుర్తు మీద నొక్కితే మూడు ఐటెమ్‌లు కనిపిస్తాయి. ఎందుకంటే కన్సోల్ చూపించేది మీరు లాగ్ చేసిన క్షణం నాటి విలువని కాదు, మీరు విప్పిన క్షణం నాటి విలువని. దీని పుణ్యమా అని "డేటా ఉంది కదా, లూప్ ఎందుకు తిరగట్లేదు" అని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నా. ఆ నిమిషం నాటి విలువే కావాలంటే స్ట్రక్చర్డ్‌క్లోన్‌తో కాపీ తీసి లాగ్ చేయండి. ఒకే రకం ఆబ్జెక్టుల వరస అయితే కన్సోల్ టేబుల్ వాడండి, కళ్లకి హాయి. ఎలిమెంట్స్ ట్యాబ్‌లో ఏదైనా ఎంచుకుని కన్సోల్లో డాలర్ జీరో ($0) కొడితే ఆ ఎలిమెంట్ చేతికొస్తుంది, ఐడీ వెతుక్కోనక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చిట్కా ఇది. మౌస్ పెడితే వచ్చి తీస్తే మాయమయ్యే మెనూలు ఉంటాయి కదా, వాటి స్టైల్ చూద్దామని డెవ్‌టూల్స్ వైపు కదిలేసరికి తుర్రుమంటాయి. హోవర్‌తో వచ్చేదైతే స్టైల్స్ పక్కన ఉన్న హోవ్ బటన్‌తో ఆ స్థితిని బిగించి పెట్టొచ్చు, కానీ జావాస్క్రిప్ట్‌తో వచ్చేవి దానికి లొంగవు. అప్పుడు కన్సోల్లో ఒక సెట్ టైమ్‌అవుట్ (కాసేపాగి పని చేయించేది) రాయండి, లోపల డీబగ్గర్ అనే ఒక్క పదం, సమయం 3000 మిల్లీసెకన్లు. ఎంటర్ కొట్టి, మూడు సెకన్లలో మౌస్ తీసుకెళ్లి మెనూ తెరిచి అక్కడే ఉండండి. మూడో సెకను దాటగానే పేజీ మొత్తం బొమ్మలా ఆగిపోతుంది. మెనూ ఎక్కడికీ పోదు. తీరిగ్గా మౌస్ అటు తెచ్చి ప్రతి పిక్సెల్ కొలుచుకోవచ్చు.

ఇంకో దొంగని పట్టే పద్ధతి. ఒక ఎలిమెంట్‌కి క్లాస్ దానంతటదే మారిపోతోంది, మార్చేది ఎవరో తెలీదు, ప్రాజెక్టులో నాలుగు లైబ్రరీలు ఉన్నాయి. ఎలిమెంట్స్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి "బ్రేక్ ఆన్"లో "యాట్రిబ్యూట్ మోడిఫికేషన్స్" ఎంచుకోండి. ఈసారి ఎవరు చెయ్యి పెట్టినా సరిగ్గా ఆ లైన్ దగ్గర కోడ్ ఆగుతుంది, కాల్ స్టాక్‌తో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరసతో) సహా.

గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్) గురించి రాయాలంటే ఇంకో పోస్టు పడుతుంది, మూడే ముక్కలు చెప్తా. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ పాడైంది, మధ్యలో వందల కమిట్లు (దాచిన మార్పులు) ఉన్నాయంటే గిట్ బైసెక్ట్. మంచి కమిట్ ఒకటి, చెడ్డ కమిట్ ఒకటి చూపిస్తే మధ్యలోది తీసి "ఇది మంచిదా చెడ్డదా" అని అడుగుతూ ప్రతిసారీ సగానికి కోస్తూ పోతుంది, వెయ్యి కమిట్లున్నా పదిసార్లలో దొరికిపోతుంది. రెండోది గిట్ లాగ్‌కి మైనస్ పెద్ద ఎస్ (-S). దాని పక్కన ఒక ఫంక్షన్ పేరు ఇస్తే, ఆ పేరు కోడ్‌లోకి వచ్చిన కమిట్లు, పోయిన కమిట్లు చూపిస్తుంది. "ఇది ఎవరు తీసేశారు" అనే ప్రశ్నకి గిట్ బ్లేమ్ (ఏ లైన్ చివరిగా ఎవరు మార్చారో చూపేది) దగ్గర జవాబు లేదు, లేని లైన్‌ని అది ఎలా చూపిస్తుంది మరి. మూడోది గిట్ రెఫ్‌లాగ్. హార్డ్ రీసెట్ (పాత కమిట్‌కి బలవంతంగా వెనక్కి వెళ్లడం) కొట్టి రెండ్రోజుల పని పోయిందని గుండె జారిపోయినప్పుడు దాన్ని చూడండి, మీ హెడ్ (మీరు ఉన్న కమిట్‌ని చూపే గుర్తు) ఎక్కడెక్కడ తిరిగిందో అంతా అక్కడ రాసుంటుంది, ఆ పాత కమిట్‌కి మళ్లీ వెళ్లిపోవచ్చు. కమిట్ చేయని మార్పులు మాత్రం అందులో ఉండవు. అందుకే నేను సగం సగం పనిని కూడా పిచ్చి పిచ్చి పేర్లతో కమిట్ చేసి పడేస్తా, తర్వాత తీరిగ్గా కలిపేసుకోవచ్చు.

తెలుగు చూపించే సైట్ చేసేవాళ్లకి ఒక మాట. జావాస్క్రిప్ట్‌ని "స్త్రీ" పొడవెంత అని అడిగితే 6 అంటుంది. మనకి ఒక్క అక్షరం, దానికి స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. కాబట్టి "మొదటి ఇన్ని అక్షరాలు చూపించి మూడు చుక్కలు పెట్టు" అనే కోడ్ తెలుగు మీద వాడితే "తెలుగు" కాస్తా "తెలుగ" అయ్యి కూర్చుంటుంది. ఇప్పటి బ్రౌజర్లలో ఇంటల్ సెగ్మెంటర్ ఉంది, అది "తెలుగు"ని సరిగ్గా మూడుగా లెక్కేస్తుంది. లైన్ హైట్ కూడా ఇంగ్లీష్‌కి సరిపోయినంత ఇస్తే వత్తులు కింద లైన్‌కి తగులుతాయి, ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటే సగానికి తెగిపోతాయి. నేనైతే 1.6కి తగ్గను.

తేదీలతో ఇంకో తలనొప్పి. "2024-03-10" అని మాత్రమే ఇచ్చి డేట్ చేయిస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) తీసుకుంటుంది, అదే పక్కన టైమ్ కూడా ఇస్తే లోకల్‌గా తీసుకుంటుంది. యూటీసీకి వెనక ఉన్న దేశాల్లో మొదటిది ముందు రోజు తేదీ చూపిస్తుంది. పుట్టినరోజు ఒక రోజు ముందే వచ్చేసిందని ఎవరైనా కంప్లయింట్ ఇస్తే ముందు ఇక్కడ వెతకండి.

స్పీడ్ సంగతి. లైట్‌హౌస్‌లో (పేజీకి మార్కులిచ్చే గూగుల్ టూల్) 100 కోసం తపస్సు చేసేవాళ్లంటే నాకు పెద్దగా నమ్మకం లేదు, మంచి మెషీన్ మీద అదే పేజీకి వేరే మార్కులొస్తాయి. గూగుల్ చెప్పే మూడు కొలతలు గుర్తుంటే చాలు: పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, కంటెంట్ గెంతే లెక్క 0.1 దాటకూడదు. రెండోదాని పేరు ఐఎన్‌పీ, 2024 మార్చిలో పాత ఎఫ్ఐడీ స్థానంలో వచ్చింది. ఇమేజ్ ట్యాగ్‌కి వెడల్పు, ఎత్తు రాయడం అనే రెండు ముక్కల పనితో ఆ గెంతుడు చాలావరకు తగ్గుతుంది. పైన కనిపించే పెద్ద ఫొటోకి లేజీ లోడింగ్ (అవసరమయ్యాకే తెచ్చుకోవడం) మాత్రం పెట్టకండి, అందరికంటే ముందు రావాల్సినదాన్ని మనమే వెనక్కి నెట్టినట్టవుతుంది.

ఆ డిలీట్ చేసిన 240 లింకుల్లో టోకెన్ (లాగిన్ గుర్తింపు) పేస్ట్ చేస్తే విప్పి చూపించే సైట్లు కూడా కొన్ని ఉన్నాయి. ఎవరో తెలియని సైట్‌లో ప్రొడక్షన్ టోకెన్ పేస్ట్ చేసే అలవాటు మానుకోండి. జేడబ్ల్యూటీ అనే రకం టోకెన్ మధ్య ముక్క మామూలుగా ఎన్‌క్రిప్ట్ చేసి ఉండదు, బేస్64 యూఆర్ఎల్ రూపం, అంతే. టెర్మినల్లో రెండు లైన్ల స్క్రిప్ట్ రాసుకుంటే మీ మెషీన్ దాటకుండా విప్పుకోవచ్చు. అలాగే ఏపీఐ కీ పొరపాటున కమిట్ అయి పబ్లిక్ రిపోకి (అందరూ చూడగల కోడ్ నిల్వకి) పుష్ అయిపోయిందనుకోండి, తర్వాతి కమిట్‌లో తీసేస్తే పోయినట్టు కాదు, పాత కమిట్‌లో భద్రంగా ఉంటుంది, మైనస్ పెద్ద ఎస్ కొట్టినవాడికి ఒక్క నిమిషంలో దొరుకుతుంది. హిస్టరీ ఎలా తుడవాలని వెతుక్కుంటూ కూర్చోకుండా, ముందు వెళ్లి ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి. తుడవడం తర్వాత.