ఇంగ్లండులో సపోర్ట్ వర్కర్ పని, మన నెల్లూరు ఇళ్లకు పనికొచ్చేంత వరకు

కేర్ ఉద్యోగం అనగానే కావలి, ఒంగోలు వైపు ‘ముసలోళ్లను చూసుకునే పని’ అనుకుంటారు. అది ఒక రకం. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్లు మామూలు వీధిలో మామూలు ఇంట్లో బతకడానికి సాయపడేది ఇంకో రకం. దీన్ని సపోర్టెడ్ లివింగ్ అంటారు. ఇల్లు ఆ మనిషి పేరున అద్దెకుంటుంది, సాయం చేసే సంస్థ వేరు. సంస్థ మారినా ఆయన ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. ఎంత సాయం కావాలన్నది 2014 కేర్ చట్టం ప్రకారం అక్కడి కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) అంచనా వేస్తుంది. మనం ఆయన ఇంటికి పనికి వచ్చినవాళ్లం కాబట్టి తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి పోవాలి.

మనవాళ్లకు మొదట మింగుడుపడనిది ఇదే. ముప్పై ఏళ్లు దాటిన మనిషిని ‘బాబూ, నాన్నా’ అని పిలిచి, చొక్కా మనమే తీసిచ్చి, అన్నం మనమే కలిపిపెట్టడం ఇంట్లో ప్రేమ. అక్కడ 2005 మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం, కాదని తేలేదాకా ఏ పెద్దమనిషికైనా తన నిర్ణయం తాను తీసుకునే శక్తి ఉన్నట్టే లెక్క. తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదనడానికి లేదు. షుగరుందని మూడో కేకు లాగేసుకుంటే ఫిర్యాదు మన మీదికే వస్తుంది. వివరించాలి, వేరేది చూపించాలి, జరిగింది రాయాలి. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంటే సంగతి వేరు. స్పీచ్ థెరపిస్టు ఆయన తిండి ఎంత మెత్తగా ఉండాలో చెప్పే అంకె లెవెల్ 6 అని రాస్తే ముక్క మెత్తగా, 1.5 సెంటీమీటర్లు దాటకుండా ఉండాలి. లెవెల్ 5 అయితే 4 మిల్లీమీటర్లు. అక్కడ మన అంచనాకు చోటు లేదు.

పనిలో అసలు విద్య నొప్పిని పసిగట్టడం. మాటలు రాని మనిషి ఉన్నట్టుండి తల గోడకు కొట్టుకుంటుంటే, కొత్తవాళ్లు ‘బిహేవియర్’ అని రాసేస్తారు. ముందు చూడాల్సినవి పన్ను, చెవి, కడుపు, మూత్రం మంట. కడుపుకైతే రోజూ నింపే పట్టిక ఉంటుంది, విరేచనం ఏ రకమో 1 నుంచి 7 దాకా అంకె వేయాలి. 1, 2 అంటే గట్టి ఉండలు, 7 అంటే నీళ్లు. ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. నాలుగు రోజులు ఏమీ లేక, ఐదో రోజు నీళ్ల విరేచనం కనిపిస్తే అది విరేచనాల జబ్బే అనుకోకూడదు. గట్టిపడిన మలం పక్కనుంచి నీరు కారుతూ ఉండొచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే మాత్ర వేస్తే పరిస్థితి ఇంకా ముదురుతుంది. మానసిక సమస్యలకిచ్చే మందులు కొన్ని మలబద్ధకం తెస్తాయి. నిర్లక్ష్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మందుల కాగితంలో సంతకం మాత్ర మింగాకే, డబ్బీలోంచి తీసేటప్పుడు కాదు. వద్దంటే వద్దన్నట్టు కోడ్ వేయాలి, పెరుగన్నంలో దాచిపెట్టడం కుదరదు. షిఫ్ట్ మారేటప్పుడు ఆయన పర్సులో డబ్బు ఇద్దరూ లెక్కపెట్టి, రసీదులతో సరిచూస్తారు.

ఫిట్స్ వస్తే ముందు టైమ్ చూడాలి. మూర్ఛ ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి, డాక్టరు ముందే రాసిచ్చిన మందుంటే అదివ్వాలి. చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మన దగ్గర ఇంకా పోలేదు. మానేయండి.

స్నానం నేర్పడం కూడా ఇంట్లో చేసుకోగలిగేదే. పనిని ముక్కలు చేయండి: బకెట్ నింపడం, చెంబుతో పోసుకోవడం, సబ్బు, కడుక్కోవడం, తుడుచుకోవడం, తువ్వాలు దండెం మీద వేయడం. చివరిది తప్ప అన్నీ మీరు చేయించండి, చివరిది ఆయన్నే చేయనివ్వండి. అది వచ్చాక వెనక నుంచి ఇంకొకటి వదలండి. ఇలా అయితే ప్రతిసారీ పని ఆయన చేత్తోనే పూర్తవుతుంది. చెప్పాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. ‘తుడుచుకో, తుడుచుకో’ అంటూ తొందరపెడితే మొదటి మాట కూడా చెవికెక్కదు.

ఇంగ్లండు ఆసుపత్రుల్లో ‘హాస్పిటల్ పాస్‌పోర్ట్’ అనే కాగితం వాడతారు. ఖర్చు లేదు, నెల్లూరులోనూ రాసిపెట్టుకోవచ్చు. పైన తప్పక తెలియాల్సినవి: పడని మందులు, ఫిట్స్, రోజూ వాడే మందులు. తర్వాత నొప్పి ఎలా చూపిస్తాడు, సూదికి ఎలా ఒప్పుకుంటాడు. చివర్న ఇష్టాయిష్టాలు. ‘బాగా చూసుకోండి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘చేపల పులుసులో ముల్లు తీసి పెట్టాలి, జనరేటర్ మోతకు చెవులు మూసుకుంటాడు, కుడిచేత్తో దవడ రుద్దితే పన్నునొప్పి’ అని రాయాలి.

ఇవి చదివి ఈ పనికి వద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే దారిని బ్రిటన్ 2025 జూలై 22న మూసేసింది. ఇప్పుడు లక్షలు అడిగే ఏజెంటు అమ్ముతున్నది ఉత్త కాగితం.

ఇంట్లో ఆటిజమో బుద్ధిమాంద్యమో ఉన్న మనిషి ఉండి సంపాదించేవాళ్లు కువైట్‌లోనో సింగపూర్‌లోనో ఉంటే, సెలవులో చూసుకోవాల్సిన పనులున్నాయి. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు లేకపోతే మిగతావి కదలవు. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా, ముందస్తు వైద్యపరీక్షలు లేకుండా ఇస్తారు. ఏటా రెన్యువల్ మరిచిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. థెరపీకి, అంచనాకు నెల్లూరులోనే దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ ఉంది, సికింద్రాబాదు దాకా పోనక్కర్లేదు.

అలాంటి మనిషికి 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులు చట్టరీత్యా తమంతట తాము సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు నడిపే జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. డబ్బు పంపే అన్న కంటే దగ్గరుండే అక్క పేరు పెట్టడమే మేలు. నియామకమైన 6 నెలల్లో ఆస్తి, అప్పుల జాబితా, ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో లెక్కలు అప్పజెప్పాలి. సంతకం కోసం ఎవరూ విమానం ఎక్కి రాలేరు గదా.