సకినం మీద కిస్‌మిస్

తప్పు నాదే. డిసెంబరు 9కి టికెట్లు ముందే బుక్ చేసేశాను. తర్వాత బడిలో చీటీలు తీస్తే లూసియాగా మా బిడ్డ పేరు వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి హనుమకొండ దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

డిసెంబరు 13 అక్కడ లూసియా పండుగ. ఎనిమిదిన్నర దాటినా తెల్లారని ఊరు. ఆ చీకట్లో ఒక అమ్మాయి తెల్ల గౌనుతో, నడుముకు ఎర్ర పట్టీతో, నెత్తిన కొవ్వొత్తుల కిరీటంతో ముందు నడుస్తుంది. మిగతా పిల్లలు పాడుతూ వెనక వస్తారు. లూసియా స్వీడన్ మనిషి కాదు. సిసిలీ ద్వీపంలోని సిరాక్యూస్ పిల్ల. క్రైస్తవుల్ని వేటాడిన రోజుల్లో, క్రీ.శ. 304లో చంపేశారు. ఎర్ర పట్టీ ఆ నెత్తురుకే గుర్తు. దాక్కున్నవాళ్లకు తిండి మోసుకెళ్లేదట, చేతులు నిండా ఉండేసరికి దీపాలు నెత్తిన పెట్టుకునేదట.

చర్చి పండుగ మనింట్లో ఏంటని అమ్మ అంటుందేమోనని నాకు బెరుకు. అమ్మ అడిగింది ఒక్కటే: "నెత్తిన నిప్పు పెట్టుకొని ఎట్ల నడుస్తరే?"

చౌరస్తాలో క్రిస్మస్ సామాన్ల దుకాణంలో బ్యాటరీ కొవ్వొత్తులు దొరికాయి. ఇనుప తీగకు కట్టాం. నడుముకు అమ్మ ఎర్ర జాకెట్టు ముక్క. రెండడుగులేస్తే కిరీటం చెవి మీదికి జారింది. అమ్మ లేచి, పాత చీర ముక్కతో చుట్టబట్ట చేసి కిరీటం కింద పెట్టింది. "పద్మాక్షి గుట్ట దాకా ఇంతెత్తు బతుకమ్మను మోసినం బిడ్డా. మెడ కదపద్దు, చూపు ముందటికే."

ముందురోజు సాయంత్రం సకినాలు. సంక్రాంతికి ముందే వెళ్లిపోతామని అమ్మ మా కోసం తొందరగా పెట్టుకుంది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి గుడ్డ మీద చుట్లు చుడుతుంటే, పిల్ల తన ముద్దను రెండు కొసలూ ఎదురెదురుగా ముడిచి, కొసకో కిస్‌మిస్ గుచ్చింది. లూసియా రోజు అక్కడ తినే కుంకుమపువ్వు బన్ను ఆకారం అదే.

"సంక్రాంతి జనవరిలో కదా, లూసియా ఇప్పుడెందుకు?" అంది పిల్ల. రెండూ అతి పొడవైన రాత్రి దాటి సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు పండుగలే, రెండూ ఆ రోజును తప్పిపోయాయి. 14వ శతాబ్దంలో, పాత జూలియన్ క్యాలెండర్ లెక్కన, అతి పొడవైన రాత్రి డిసెంబరు 13 ప్రాంతంలో పడేది. 1753లో స్వీడన్ క్యాలెండర్ మార్చుకున్నాక ఆ రాత్రి 21 దగ్గరికి వచ్చింది, లూసియా 13నే ఉండిపోయింది. మన మకర సంక్రమణం సుమారు 72 ఏళ్లకో రోజు చొప్పున జరుగుతూ జనవరి 14, 15కి చేరింది. సుమారు 1,700 ఏళ్ల కిందట, అంటే లూసియా బతికున్న రోజులకు అటూఇటూగా, సంక్రమణమూ ఉత్తరాయణమూ ఒక్కనాడే.

పిల్ల ఇందులో సగం కూడా విన్లేదు. నూనెలో కిస్‌మిస్‌లు ఉబ్బి, నల్లబడి పేలుతుంటే అమ్మను పట్టుకొని నవ్వుతోంది.

మర్నాడు పొద్దున ఐదున్నరకు లైట్లు ఆర్పేశాం. నడింట్లోంచి వరండాలోకి, మెడ కదపకుండా, స్వీడిష్‌లో పాడుతూ వచ్చింది. బాపు పళ్లెంలోంచి ఒక సకినం తీసుకొని, మాడిన కిస్‌మిస్‌ను గోటితో గీకి పక్కన పెట్టి, పాట అయ్యేదాకా పట్టుకొని కూర్చున్నాడు.